నడుం వాల్చి చూడాల్సిన గుడి

ఆదివారం పొద్దున్నే పాత గుడి చూసేసి, భోజనాల వేళకు ఇల్లు చేరాలన్నది ఏర్పాటు. ఆ ఏర్పాటు చేసింది ఇళ్లకు ప్లాన్లు గీసే అల్లుడు. వెయ్యేళ్లనాటి మండపం కప్పును మామగారికి దగ్గరుండి చూపించి, గీతలు గీయడం కూడా ఒక విద్యేనని ఆయనచేత అనిపించుకోవాలని పెళ్లయిన ఆరేళ్ల నుంచీ అతని కోరిక.

రిటైరైన హెడ్మాస్టరు మామగారు గుడి వాకిట్లోనే ఆగిపోయారు. "రాళ్లేగా! మీరు చూసి రండి. నేను చెప్పులు కనిపెట్టుకుని ఉంటా" అన్నారు. కూతురు వెళ్లి దర్శనం క్యూలో నిలబడింది.

అల్లుడు ఒక్కడే మండపంలోకి వెళ్లాడు. ఏళ్ల తరబడి బల్ల మీద వంగి గీసి గీసి, తలెత్తితే మెడ పట్టేసే జబ్బు తెచ్చుకున్నాడు. కప్పేమో సరిగ్గా నడినెత్తిన ఉంది. అటూ ఇటూ చూసి, నట్టనడుమ చల్లటి రాతి మీద వెల్లకిలా పడుకున్నాడు. పైన రాతి వలయాలు ఒకదానికంటే ఒకటి కాస్త లోపలికి జరుగుతూ వెళ్లి, చివర ఒకే రాతిలో చెక్కిన తామరపువ్వు తలకిందులుగా వేలాడుతోంది. అతను నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు. కళ్లు చెమర్చాయి.

అప్పుడే అటు వచ్చిన ఒక పెద్దావిడకు కనిపించింది మాత్రం, నోరు తెరుచుకుని నేల మీద పడి ఉన్న మనిషి.

"అయ్యయ్యో! నీలం చొక్కా ఆయన పడిపోయాడు!"

ఒకరు అంబులెన్సుకు ఫోన్ చేశారు. ఇంకొకరు సీసాడు నీళ్లు మొహాన కుమ్మరించారు.

"నాకేం కాలేదండీ! కదపకండి, ఇక్కణ్ణుంచే బాగా కనిపిస్తోంది" అన్నాడు అల్లుడు.

"ఏం కనిపిస్తోంది బాబూ?" పెద్దావిడ అతని మీదికి వంగింది.

"మాటల్లో చెప్పలేనండీ. మీరూ పడుకోండి, తెలుస్తుంది."

ఆవిడ చేతులు జోడించి పడుకుంది. తమకు దక్కకుండా పోతుందేమోనని మిగతావాళ్లూ పడుకున్నారు. ఈల ఊదుతూ వచ్చిన గార్డు, "సున్నం లేదు, సిమెంటు లేదు. ఒక రాయిని ఇంకో రాయి పట్టుకుని ఉందంతే" అని అల్లుడు చెబుతున్న మాట విని, పన్నెండేళ్లుగా తాను కాపలా కాస్తున్న కప్పు ఎలా ఉంటుందో చూద్దామని తనూ నడుం వాల్చాడు.

పెద్దావిడ వేసిన కేక మాత్రం అప్పటికే బయటికి పాకింది. పడిపోయాడన్నది వాకిలి చేరేసరికి పోయాడైంది. నీలం చొక్కా అనగానే మామగారు పరుగున వచ్చి అల్లుడి పక్కన కూలబడ్డారు.

"బంగారంలాంటి మనిషివయ్యా! ఆ చేతిలో పనితనాన్ని ఒక్కనాడైనా మెచ్చుకున్నానా!"

ఆరేళ్లుగా ఎదురుచూసిన మాటలు. ఇంకో రెండు రాలతాయేమోనని అల్లుడు కళ్లు మూసుకుని ఊరుకున్నాడు. ఈలోగా అతని భార్య వచ్చింది.

"నాన్నా, ఆయన కాలివేళ్లు ఆడిస్తున్నారు."

మామగారు కళ్లు తుడుచుకుని, గొంతు సవరించుకున్నారు. "అంత చూడాల్సిందేముంది అక్కడ?"

"ఒక్కసారి పడుకోండి మామయ్యగారూ."

ఆయన కోపంగానే పడుకున్నారు. కళ్లు చిట్లించి పైకి చూశారు.

"ఆ పువ్వు ఊడిపడదూ?"

"వెయ్యేళ్లుగా పడలేదండీ."

"గీసినవాడెవడో గట్టివాడే."

ఆ మెప్పును అల్లుడు మారుమాట్లాడకుండా తనే పుచ్చుకున్నాడు.

అంబులెన్సు వద్దని చెప్పాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు. స్ట్రెచర్‌తో వచ్చిన ఇద్దరూ "పడిపోయినాయన ఎవరండీ?" అని అరవగానే పడుకున్నవాళ్లంతా గబగబా లేచి నిలబడ్డారు. మామగారు కూడా లేవబోయారు. నడుం కలుక్కుమంది. నేల మీద మిగిలింది ఆయనొక్కరే.

"కాస్త ఆగి ఎత్తండి నాయనా, రెండో వరస ఇంకా చూడలేదు" అన్నారాయన.

అంబులెన్సు కాగితంలో 'జబ్బుకు కారణం' అన్నచోట డ్రైవరు కాసేపు ఆలోచించి, 'శిల్పకళ' అని రాసుకున్నాడు.