టెంప్లేటుతో వచ్చిన సముద్రం

కోడింగ్ రానివాళ్ళు కూడా సొంతంగా వెబ్‌సైటు కట్టుకునే సౌకర్యం అందుబాటులోకి వచ్చిన కారణంగా, మార్కెట్ వీధిలోని స్టూడియో ఫోటోగ్రాఫరు ఫోటోలు తీయడం తాత్కాలికంగా నిలిపివేశాడు. ఈ అసౌకర్యానికి చింతించినవారు ఎవరూ లేరు. ఫోన్లు వచ్చాక ఆయన దగ్గరికి వస్తున్నది పాస్‌పోర్టు ఫోటోలవాళ్ళే. పాస్‌పోర్టు ఫోటోలో తన మొహం చూసుకుని సంతోషించిన మనిషి ఇంతవరకు పుట్టలేదు.

విషయం ఏమిటంటే, ఊరి చివర కొత్త హోటలు లేచింది. గదుల ఫోటోలు, ఆపైన హోటలు హాల్లో జరిగే ప్రతి వేడుక ఫోటోలు ఒకే ఫోటోగ్రాఫరుకు అప్పగిస్తానని యజమాని ప్రకటించాడు. మనవాడు ఆల్బములు చంకన పెట్టుకుని పరిగెత్తాడు. యజమాని అట్ట కూడా తిప్పలేదు.

"ఈ రోజుల్లో ఆల్బమ్ మోసే మనిషిని నమ్మి పని ఎలా ఇవ్వనయ్యా? వెబ్‌సైట్ ఉందా? ప్రారంభోత్సవం లోపల అడ్రస్ పంపించు, చూస్తాను."

ఫోటోగ్రాఫరు బేరాల్లో పండిన మనిషి. ఇంటికి చేరేలోపే లెక్క తేల్చుకున్నాడు. హోటలు దక్కితే స్టూడియో నిలుస్తుంది. దక్కకపోతే పక్కనున్న ఫోన్ కవర్లాయన దుకాణంలో కలిసిపోతుంది. కవర్లాయన అప్పటికే పలకరింపుగా వచ్చి, కబుర్లు చెబుతూనే టేపుతో స్టూడియో గోడ కొలుచుకుని పోతున్నాడు. మంచి మనిషి. కొలిచినంతసేపూ నవ్వుతూనే ఉంటాడు.

ఇలాంటి సమయాల్లో ఆదుకోవడానికి ప్రతి కుటుంబంలోనూ ఒక నిపుణుడు సిద్ధంగా ఉంటాడు. ఈ కుటుంబంలో ఆ బాధ్యత బామ్మర్ది స్వీకరించాడు. అతనికీ కోడింగ్ రాదు. అయితే రాకపోవడంలో బావకంటే అనుభవం ఎక్కువ.

"బావా, కోడింగ్ అనేది పాతకాలం మాట," అని అతను కుర్చీలో వెనక్కి వాలి ప్రసంగించాడు. "ఇప్పుడంతా లాగి వదిలెయ్యడమే. ఇక్కడ పట్టుకో, అక్కడ వదిలెయ్. వెబ్‌సైట్ రెడీ! మన చేతకానితనాన్ని ఇంతగా గౌరవించిన కాలం ఇంతకుముందు రాలేదు."

"వదిలేసింది అక్కడే ఉంటుందారా?"

"అది టూల్ మంచితనాన్ని బట్టి ఉంటుంది బావా."

మంచితనం పరీక్షించే కార్యక్రమం మొదలైంది. మొదటి టూలు మహా స్వేచ్ఛ ఇచ్చేది. దేన్నైనా ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ఫోటోగ్రాఫరు తన ఫోన్ నంబరును పెళ్ళికూతురి పక్కన అందంగా పెట్టాడు. కంప్యూటరులో బాగానే ఉంది. ఫోన్లో తెరిచి చూస్తే నంబరు ఆవిడ మోచేతి కిందికి పోయి దాక్కుంది. రెండో టూలు క్రమశిక్షణ గలది. అందంగా ఉంటుంది గాని, ఏదీ అంగుళం కదలనివ్వదు. మూడోదానికి కృత్రిమ మేధ ఉంది. సైటు తానే కట్టిపెడతానని చెప్పి, "మీకు అత్యంత ప్రీతికరమైన పని ఏది?" అని అడిగింది. ఈయన నిజాయితీగా "పాస్‌పోర్టు ఫోటోలు" అని కొట్టాడు. అది కాసేపు ఆలోచించి, మొదటి పేజీలో "నిరంతర ప్రపంచ యాత్రికుడు" అని పరిచయం రాసింది. ఆయన పక్క ఊరు వెళ్ళి కూడా చాలా కాలమైంది.

అన్నిటికంటే ఆయన మనసు నొప్పించినది బేరానికి మనిషి లేకపోవడం. ఒక్కో ప్లానుకూ ధర ఎదురుగా రాసి ఉంటుంది. ఎవరితో పోట్లాడాలో తెలియదు. "రెండు సైట్లు తీసుకుంటాను, ఎంతకిస్తారు?" అని సహాయకేంద్రానికి రాస్తే, మా జవాబు ఉపయోగపడిందా అని వాళ్ళే తిరిగి అడిగారు. దాంతో ఆయన ఫ్రీ ట్రయల్ మార్గం పట్టాడు. ఒకదాని గడువు అయిపోగానే ఇంకోదానికి మారడం, అక్కడ మళ్ళీ మొదటినుంచీ కట్టడం. ఈ లోపల స్టూడియోకి వచ్చినవాళ్ళను తర్వాత రమ్మని పంపేశాడు. లాభనష్టాల లెక్కలో ఇది ఏ వైపు రాయాలో ఆయనకు అప్పుడు తోచలేదు.

భార్య ఒకరోజు కాఫీ పెట్టి అడిగింది. "నన్ను ఒక్కసారి చూసి ఒప్పుకున్నారు. వీటిని ఇన్నిసార్లు చూస్తున్నారేంటండీ?"

"నీ దగ్గర ఇన్ని ప్లాన్లు లేవు కదే."

"ఉన్నాయి. మీకు చెప్పలేదు, అంతే."

చివరికి నాలుగో టూలు దగ్గర ఆగారు. అది ప్రత్యేకంగా ఫోటోగ్రాఫర్ల కోసమే తయారైంది. ఫోటోలు చకచకా తెరుచుకుంటాయి. ముందే కట్టి ఉంచిన పేజీ, అదే టెంప్లేటు, చూస్తే కళ్ళు తిరిగాయి. పైన వెడల్పాటి ఫోటో. తెల్లటి దుప్పటి పరిచిన మంచం, బార్లా తెరిచిన కిటికీ, కిటికీ నిండా నీలం సముద్రం. దాని కింద అలాంటివే మరికొన్ని. ఇవన్నీ నమూనాలు. వాటి స్థానంలో మన ఫోటోలు పెట్టుకోవాలి. బామ్మర్ది నమూనాలను పట్టుకుని లాగాడు. అవి పోయినట్టే పోయి మళ్ళీ వచ్చి కూర్చున్నాయి. సరేనని బావ ఫోటోలను వాటి కిందే సర్దారు.

ఇక్కడ వృత్తిధర్మం అడ్డొచ్చింది. డబ్బు చేతిలో పడందే ముద్ర లేని ఫోటో బయటికి పంపడం ఆయన ఎరగడు. అందుకని తన ప్రతి ఫోటో మీదా ఈ మూల నుంచి ఆ మూల దాకా స్టూడియో పేరు ఎర్రటి అక్షరాల్లో కొట్టాడు. ఇక ఏ దొంగ ఎత్తుకుపోయినా పెళ్ళికొడుకు చెవి తప్ప ఏమీ దక్కదు.

"మరి పైనున్న వాటికో?" అన్నాడు బామ్మర్ది.

"ఛ, అవి మనవి కాదు కదరా! పరాయి సరుకు మీద మన ముద్ర వేయడం అన్యాయం."

ఈ విధంగా న్యాయంగా తయారైన వెబ్‌సైటు హోటలు యజమానికి చేరింది. ఆయన వెంటనే ఫోన్ చేశాడు.

"ఏమయ్యా ఫోటోగ్రాఫరూ! ఇంత పనితనం పెట్టుకుని ఆల్బములు మోస్తావేంటయ్యా? ఆ కిటికీ, ఆ సముద్రం! కింద ఎర్రగా ఏవో ఉన్నాయి, అవి మాత్రం తీసెయ్. నా గదులు అచ్చం ఆ పైవాటిలా రావాలి."

ఫోటోగ్రాఫరు గబగబా లెక్క వేశాడు. అవునంటే పని వస్తుంది. పని వస్తే సముద్రం చూపించాలి. హోటలు కిటికీలు తెరిస్తే కనిపించేది బస్సు డిపో గోడ. వేరే దారి లేక ఆయన సత్యాన్ని ఆశ్రయించాడు.

"అవి నేను తీసినవి కాదు సార్. టెంప్లేట్‌తో పాటు వచ్చాయి."

"వచ్చాయా? ఊరికేనా?"

"ఊరికేనండి."

ఒక వ్యాపారి ఆలోచించడం ఇంకో వ్యాపారికి స్పష్టంగా వినిపించింది.

సాయంత్రానికల్లా హోటలుకు సొంత వెబ్‌సైటు వెలసింది. యజమాని స్వహస్తాలతో లాగి వదిలాడు. నమూనాల్లో ఒక్కటీ మార్చలేదు. ప్రారంభోత్సవంలో ఆయన ఇలా సెలవిచ్చాడు: "మా గదులు ఫోటోల్లో ఉన్నట్టే ఉంటాయని నేను అబద్ధం చెప్పను. ఫోటోలు గదులకంటే చాలా బాగుంటాయి. అతిథికి మన దగ్గరున్న ఉత్తమమైనదే చూపించడం మర్యాద కదా!" చప్పట్లు మోగాయి. వెనక వరుసలో ఫోటోగ్రాఫరు కూడా కొట్టాడు. పక్కనే కవర్లాయన నిలబడి ఉన్నాడు. జేబులోంచి టేపు తొంగిచూస్తోంది.

హోటలు నిండింది. అతిథులు తెరలు తీశారు. గోడ చూశారు. అలిగి కిందికి దిగారు. అయితే వాళ్ళ బాధ గోడ గురించి కాదు.

"సముద్రం ముందు ఫోటో పంపిస్తామని మావాళ్ళందరికీ చెప్పాం. ఇప్పుడు మా పరువేం కావాలి?"

యజమాని ఫోటోగ్రాఫరును పిలిపించాడు. ఆ కిటికీని, సముద్రాన్ని పెద్ద తెర మీద అచ్చు వేయించి కింది హాల్లో కట్టాలి. వచ్చినవాళ్ళను దాని ముందు నిలబెట్టి ఫోటో తీయాలి.

ఫోటోగ్రాఫరులో అప్పటిదాకా నిద్రపోతున్న కళాకారుడు లేచాడు. "మరి అది మోసం కాదా సార్?"

"మీ స్టూడియోలో వెనకాల తెర మీద ఏముందయ్యా?"

"జలపాతం సార్."

"ఎక్కడుందది?"

ఫోటోగ్రాఫరు ఆలోచించాడు. ఆ తెర ముందు ఊళ్ళో సగంమందిని నిలబెట్టాడు. తన పెళ్ళి ఫోటో కూడా అక్కడే దిగాడు. జలపాతం ఎక్కడుందో మాత్రం తెలియదు. అది స్టూడియోతో పాటు వచ్చింది. కళాకారుడు మళ్ళీ పడుకున్నాడు.

ఇప్పుడు హోటల్లో గదికంటే ముందు తెర దగ్గర వరుస కడుతున్నారు. స్టూడియో నిలిచింది. కవర్లాయన టేపు చుట్టేసి, ఆ సముద్రాన్నే ఫోన్ కవర్ల మీద అచ్చు వేసి అమ్ముతున్నాడు. హోటలు సైటు కింద అతిథులు వరసగా ఒకే మాట రాస్తున్నారు: "ఫోటోలో ఉన్నట్టే ఉంది."

మొన్న ఫోటోగ్రాఫరు తన భార్యను తీసుకుని అక్కడికి వెళ్ళాడు. పై గదిలో ఆవిడ కిటికీ తెర తీయబోతుంటే ఈయన అడ్డుపడ్డాడు.

"అదెందుకే? ముందు కిందికి పద, ఫోటో దిగుదాం."

నవ్వుకున్నవాళ్ళకు ఒక చిన్న మనవి. కిందటి సెలవుల్లో మీరు దిగిన గది కిటికీలోంచి ఏం కనిపించిందో గుర్తుందా? గుర్తులేకపోతే కంగారు పడకండి. ఫోన్ తీసి చూసుకోండి.