పదిహేడు మగ్గం గుంటలూ క్షేమం

నాకు అన్నిటికంటే భయం దేనికో ముందే చెప్పేస్తాను. దయ్యాలకు కాదు, తేళ్ళకు కాదు, మా అత్తకు అసలే కాదు. ఇళ్ళు కాలిన వాళ్ళకు సర్కారు ఇస్తానన్న సాయం ఏదో ఒక రోజు నిజంగానే మా వాకిట్లోకి వచ్చేస్తుందేమోనని నా భయం!

నవ్వకండి. వచ్చిందే అనుకోండి, ఏమవుతుంది? ఇంటికి కప్పు పడుతుంది. మగ్గం లేస్తుంది. మా మామ పొద్దంతా దాంట్లో కూర్చుని చీర నేస్తాడు. నేను కండెలు చుడతాను. అంతేగా! ఆ మాత్రం సంసారం ఎవరు చేయరు? సాయం రాకపోవడం వల్ల మాకు ఒరిగిన మేలు మీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను.

ఉగాది వెళ్ళిన పదో రోజు మధ్యాహ్నం మా ఊరి గుట్ట మీద ఎండిన బోదగడ్డికి నిప్పంటుకుంది. ఎవరు అంటించారో ఆ గుట్టకే తెలియాలి. గాలి దాన్ని మా సాలెవాడ దాకా మోసుకొచ్చింది. పదిహేడు ఇళ్ళు, ఇంటికో మగ్గం, అన్నీ పోయాయి. నేను మా యాదలక్ష్మిని చంకనేసుకుని ఉరికాను. దానికప్పుడు ఏడు నెలలు. మా అత్త సావిత్రమ్మ పొయ్యి మీది గంజికుండతో బయటపడింది. మా మామ రామచంద్రయ్య మంటల్లో చెయ్యి పెట్టి, పడుగులో అటూ ఇటూ ఉరికే నాడెను లాక్కొచ్చాడు. అదీ సగం కాలింది. మా ఆయన ఊళ్ళో లేడు, షోలాపురం మిల్లు పనికి పోయాడు.

మర్నాడే సమితి జీపు వచ్చింది! అందులోంచి ఒక పెద్దమనిషి లేచి నిలబడి, "మీ వెనక సర్కారు ఉంది" అన్నాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. పక్కింటి నర్సింగమ్మ మేక ఉంది.

అయినా వట్టి చేతులతో పోలేదండీ. ఇంటికో కంబళి ఇచ్చారు. నిప్పులు చెరిగే ఎండలో, పైన కప్పు లేని మనుషులకు, ఆరు నెలల తర్వాత రాబోయే చలి గురించి ఆలోచించిన సర్కారును ఏమని పొగడాలి? కన్నతల్లికైనా ఉంటుందా అంత ముందుచూపు? గోడకు ఒక పోస్టరు కూడా అంటించి పోయారు. "గడ్డి కప్పులు వేయకండి" అని. మేము ఆ రోజు నుంచి ఒక్క గడ్డిపోచ వేయలేదు. ఇంత బుద్ధిగా చెప్పినమాట విన్న వాడ జిల్లాలో ఇంకోటి ఉంటే చూపించండి!

ఇక కప్పు లేకపోవడంలోని సుఖం చెప్పనక్కర్లేదు. ఇదివరకు పిల్లకు చందమామను చూపించాలంటే వాకిట్లోకి ఎత్తుకెళ్ళేదాన్ని. ఇప్పుడు చందమామే ఇంట్లోకి వస్తున్నాడు.

అసలు విషయానికి వస్తాను. మాకు సాయం రాకుండా కాపాడిన పుణ్యం మా అత్తది.

మా మగ్గాలు నేలలో తవ్విన గుంట మీద ఉంటాయి. నేసేవాళ్ళు గట్టు మీద కూర్చుని కాళ్ళు గుంటలోకి వేసి తొక్కుతారు. ఆ గుంట మాకు దేవుడి గూడుతో సమానం. చెప్పు వేసుకుని దాంట్లోకి దిగం. అందులో బూడిద నిలవ ఉంటే ఇంటికి అరిష్టమని, మూడో నాడే మా అత్త గుంటలోకి దిగి బూడిదంతా ఎత్తిపోసింది. ఎర్రమన్నుతో అలికింది, గట్టు మీద ముగ్గు వేసింది, కుంకుమ బొట్లు పెట్టింది. ఆమెను చూసి వాడలో మిగతా పదహారు ఇళ్ళవాళ్ళూ అదే పని చేశారు. ఎత్తిన బూడిదను పారేయడం ఎందుకని మా అత్త దాంతో గిన్నెలు తోమింది. మీకు అబద్ధం ఎందుకు చెప్పాలి, మా మగ్గం ఇప్పటికీ మా చెంబుల మీద తళతళ మెరుస్తోంది.

పదకొండో రోజున, నష్టం రాసుకునే గిర్దావరు సారు పంచనామాకు వచ్చాడు. ముక్కు మీద అద్దాలు, చంకలో కాగితాల దఫ్తరం. మా గుంట ముందు నిలబడి చాలాసేపు చూశాడు.

"గిదేందమ్మా?"

"మగ్గం గుంట సారూ," అంది మా అత్త.

"కాలలేదు గదా? మంచిగ సాఫ్‌గ ఉన్నది."

"గుంట ఎట్ల కాలుతది సారూ? మీదున్న మగ్గం కాలింది."

"మీద ఏం లేదు గదా?"

"కాలింది గనుకనే లేదు!"

"లేనిదాన్ని కాలిందని నేనెట్ల రాయాలె? కళ్ళకు కనబడింది రాయాలె. బొగ్గు చూపియ్యి, బూడిద చూపియ్యి."

మా అత్త లోపలికి పోయి, తోమిన చెంబు తెచ్చి చూపించింది. సారుకు అందులో తన మొహమే కనబడింది. పాపం, మంచినీళ్ళు ఇస్తున్నారనుకుని, "దూప లేదమ్మా" అన్నాడు.

అలా పదిహేడు ఇళ్ళూ తిరిగి, పదిహేడు ముగ్గులూ చూసి, "మగ్గం గుంటలు క్షేమం, మగ్గాలకు నష్టం కనబడలేదు" అని రాసుకున్నాడు. మట్టి గోడలు నిలబడే ఉన్నాయి కాబట్టి ఇళ్ళు కూడా క్షేమమేనట! ఎంత చల్లని మాట! పుట్టిన దగ్గర్నుంచీ మా క్షేమం కోరి ఇంత నిక్కచ్చిగా రాసిన మనిషిని నేను చూడలేదు.

మా మామ చేతులు జోడించాడు. "సారూ, గీ నాడె చూడుండ్రి. సగం కాలింది గదా!"

"సగమే గదా కాలింది," అన్నాడు సారు. అయినా ఆయన గుండె రాయి కాదు. పోతూ పోతూ చెప్పాడు: "కచేరిల అర్జీ పెట్టుకో. పెద్దసారు హుకుం ఇస్తె మళ్ల వచ్చి చూస్త. అందాక గుంటను ముట్టుకోవద్దు. పూడ్చిండ్రా, అసలు మగ్గమే లేకుండె అని రాస్త. మళ్ల నన్ను అనొద్దు."

ఆ వేళ మా మామ మా అత్తను చూసిన చూపుకు ఇంకో వాడ అంటుకునేది.

"బూడిద ఎత్తుమని నీకు ఎవడు జెప్పిండే?"

"మీ అవ్వ జెప్పింది! నేను కాపురానికి వచ్చిన నాడు. గుంటల చెత్త కనబడితె చెయ్యి ఇరుగగొడ్త అన్నది. పోయి ఆమెను అడుగు!"

మామను కన్న ఆ తల్లి పోయి ఎనిమిదేళ్ళయింది. మామ అడగలేకపోయాడు.

ఇక నా చదువు సంగతి. ఆరో తరగతిలో ఉండగా పెళ్ళి చేసి బడి మాన్పించారు. ఇన్నాళ్ళకు మళ్ళీ పలక పట్టించింది తాలూకా కచేరి! ఈ రెండు నెలల్లో ఏడు అర్జీలు రాశాను. 'మహారాజశ్రీ' ఎక్కడ పెట్టాలో, 'తమరి దయ' ఎన్నిసార్లు పెట్టాలో కంఠతా వచ్చేసింది. వాడలో అందరికీ నేనే రాస్తున్నాను. సాయం తొందరగా వచ్చుంటే ఈ విద్య నాకు అబ్బేదా?

కచేరి ఏ ఊళ్ళో ఉందో మాత్రం చెప్పను. చెబితే ఆ కోపానికి మా కాగితం బీరువాలో ఇంకో అర పైకి ఎక్కుతుంది.

ఇంతవరకూ ఓపికగా చదివారు కాబట్టి ఒక సంగతి ఒప్పుకుంటాను. మొదట్లో నా భయం గురించి చెప్పింది అబద్ధం. సాయం వస్తుందని కాదు నా భయం. దానికంటే ముందు వాన వస్తుందని.

మృగశిర కార్తెకు ఇంక ఆరు రోజులే ఉంది. మా ఇంటి నడుమ, కప్పు లేని చోట, నడుము లోతు గుంట నోరు తెరుచుకుని ఉంది. ఒక్క పెద్ద వాన పడితే నిండుతుంది. మా యాదలక్ష్మికి ఇప్పుడు తొమ్మిది నెలలు. పాకడం నేర్చింది. ఎక్కడ దించినా, ముగ్గు తెల్లగా కనబడుతుందనో ఏమో, నేరుగా ఆ గట్టు దగ్గరికే పోతుంది. గుంట పూడ్చామంటే మాకు మగ్గం లేనట్టు. పూడ్చకపోతే... ఆ మాట రాయడానికి నా చెయ్యి రావడం లేదు. పొద్దున్నుంచీ దాని కాలికి నా కొంగు కట్టుకుని ఇది రాస్తున్నాను. రెండుసార్లు లాగింది.

"మగ్గం కాలిందని కాయితం తెచ్చినంకనే ఇంట్ల అడుగుపెడ్త" అని మా మామ కచేరికి పోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. కబురు లేదు. ఆయనకు చదువు రాదు, ఒకరిని అన్నం అడగడం అంతకన్నా రాదు.

మీలో ఎవరైనా ఏదో ఒక పని మీద ఏదో ఒక కచేరికి పోతూనే ఉంటారు. పోయినప్పుడు ఒక్కసారి వరండాలో చూడండి. భుజాన గళ్ళ తువ్వాల, చేతిలో సగం కాలిన నాడె, గోడకు ఆనుకుని కూర్చున్న పెద్దమనిషి కనబడితే, తిన్నాడా అని అడగండి. తిన్నానంటాడు. నమ్మకండి. ఏమన్నా పెట్టించి, కోడలు చెప్పిందని చెప్పండి: పిల్ల బాగుంది, గుంట ఇంకా పొడిగానే ఉంది, కాగితం ఇచ్చినా ఇయ్యకున్నా వాన కంటే ముందు ఇంటికి రమ్మన్నదని.