గసగసాల కేకులో రైలింజను

జర్మనీలో నెక్కార్ నది ఒడ్డున చిన్న ఊళ్లో ఉండే బెర్టోల్డ్‌కు ఆ శనివారం పొద్దున ఉన్నది ఒకే ఒక్క పని. టౌన్ హాల్లో బొమ్మ రైళ్ల ప్రదర్శన. ఏళ్ల తరబడి కట్టిన బుల్లి స్టేషన్‌ను రైళ్ల క్లబ్బువాళ్లు ముందే మోసుకుపోయారు. గూడ్సు పెట్టెల్లో బొగ్గు నింపి, వాటినీ ఇంజన్నూ తను తీసుకెళ్లాలి. ఇంజను వేరుశనగ కాయంత. పెట్టెలు అంతకన్నా చిన్నవి. వాటిలో బొగ్గులా కనబడేవి నల్ల గసగసాలే.

గసగసాలు వంటింట్లో ఉన్నాయి. వంటింట్లోకి రైళ్లు తేనని భార్య ఎల్ఫ్రీడకు అతను మాటిచ్చి ఉన్నాడు. పోయినేడు సూపులో స్టేషన్ మాస్టరు తేలినప్పటి సంగతి అది.

ఆమె పెరట్లో ఉండగా దొంగలా దూరి పెట్టెలు నింపాడు. ఇంతలో క్లబ్బు అధ్యక్షుడి ఫోను. పెట్టెలు జేబులో వేసుకుని ముందుగదిలో ఫోను దగ్గరికి పరుగెత్తాడు. ఇంజను గసగసాల గిన్నె పక్కనే ఉండిపోయింది. ఆ అధ్యక్షుడు మాట్లాడటం మొదలుపెడితే ముగించేలోగా కేకు కలిపి, కాల్చి, చల్లార్చవచ్చు. ఎల్ఫ్రీడ సరిగ్గా అదే చేసింది.

బెర్టోల్డ్ తిరిగొచ్చేసరికి బల్ల శుభ్రంగా ఉంది. ఇంజను లేదు. కేకూ లేదు, ఎల్ఫ్రీడా లేదు. చర్చి హాల్లో ఆరోజు కాఫీ విందు. కేకు అక్కడికే వెళ్లి ఉంటుంది, ఇంజను కేకులో.

అతను రొప్పుతూ అక్కడికి చేరాడు. నిజం చెప్పే ధైర్యం లేదు.

"ఒక ముక్క పెట్టు," అన్నాడు భార్యతో.

నాలుకతో వెతుక్కుంటూ తిన్నాడు. ఇంజను తగల్లేదు. ఇంకోటి అడిగాడు. ఆ తర్వాత ఇంకోటి.

"ఏం ఎల్ఫ్రీడా, ఇంట్లో మొగుడికి తిండి పెట్టట్లేదా?" అంది పక్కింటి హెడ్‌విగ్. "పాపం, ఎలా మింగుతున్నాడో చూడు."

పాస్టరుగారు కేకుకేసి చెయ్యి చాపారు. ఆయనవి కొత్త కట్టుడు పళ్లు.

"పాస్టరుగారూ, అది నాది," అని బెర్టోల్డ్ ప్లేటు లాక్కున్నాడు.

"ఇంకోటి ఉందిగా నాయనా," అని ఆయన మిగిలిన ఆఖరి ముక్క నోట్లో పెట్టుకున్నారు. టక్కుమని చప్పుడైంది.

"నమలకండి, అందులో నా ఇంజనుంది!"

హాల్లో అందరూ ఇటు తిరిగారు. పాస్టరుగారు నోట్లోంచి మెల్లగా తీశారు. అక్రోటు పెంకు.

బెర్టోల్డ్ తల దించుకుని జరిగిందంతా చెప్పుకొచ్చాడు. ఎల్ఫ్రీడ తాపీగా కాఫీ పోస్తోంది.

"అది కేకులో ఎందుకుంటుంది? పిండి కలిపేముందే చూశా. వస్తూ దార్లో టౌన్ హాల్లో ఇచ్చొచ్చా. ఈపాటికి తిరుగుతుంటుంది."

"మరి ముందే చెప్పొచ్చుగా?"

"నువ్వు చెప్తావేమోనని చూశా," అందామె. "చెప్పకుండా ఎన్ని ముక్కలు తింటావో అదీ చూశా."

బెర్టోల్డ్ టౌన్ హాలు చేరేసరికి పిల్లలూ పెద్దలూ స్టేషన్ చుట్టూ మూగి ఉన్నారు. ఇంజను చక్కగా తిరుగుతోంది. అంత చిన్న రైలును చూడాలంటే బాగా వంగాలి, పొట్ట వంగనివ్వలేదు.