అల్లుణ్ణి కాల్చేదెట్ల?

ఆదివారం పొద్దున శివకుమార్ పెట్టుకున్న పనులు రెండే: జుట్టు కత్తిరించుకోవడం, వస్తూ వస్తూ కోడికూర తేవడం. పుంగనూరులో బ్యాటరీల అంగడి నడిపే మనిషికి వారానికి ఒక్క ఆదివారం దొరుకుతుంది. దాన్ని పెద్ద పనులతో పాడుచేసుకునే రకం కాదాయన.

కూతురు దీపికకు మాత్రం ఆ పొద్దు ప్రాణం మీదికి వచ్చింది. కుప్పంలో ఒక కాలేజీవాళ్లు పెట్టిన ఫోన్ గేముల పోటీకి ఆమె జట్టు చివరి అర్హత ఆట ఆడాలి. గెలిస్తే కుప్పం, ఓడితే కొంపే. జట్టులో నలుగురు తప్పకుండా ఉండాలి. నాలుగో పిల్ల పల్లవిని వాళ్లమ్మ తెల్లారకముందే పలమనేరు పెళ్లికి లాక్కుపోయింది.

"నేనాడతా పాపా," అన్నాడు శివకుమార్.

"నీకు రాదు నాయనా."

"నాకా రానిది? మదనపల్లెలో సదువుకునేటప్పుడు వీడియో గేమ్ అంగట్లో నన్ను సూస్తే పిల్లోళ్లు లేసి కుర్చీ ఇస్తా ఉండ్రి!"

అందులో అబద్ధం లేదు. పోయిన దసరాకు అటక మీది పాత క్యాసెట్ గేమ్ దించి పెడితే, ఫోన్‌లో అందరినీ పిట్టల్లా కాల్చే దీపిక మొదటి గుంతలోనే పడి చచ్చింది. ఎన్నిసార్లు ఆడినా అదే గుంత. శివకుమార్ మాత్రం ఇడ్లీ నములుతూ చివరి కోట దాకా పోయాడు. అప్పటినుంచి ఆయన కాళ్లు నేలమీద ఆనడం లేదు.

వేరే గతిలేక దీపిక తన తల్లి చంద్రిక ఫోన్‌ను తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని తలకిందులు చేసి, ఛార్జింగ్ పెట్టే సందులోకి బుగ్గలు పూరించి ఉఫ్‌మని ఊదాడు.

"యాల ఊదుతాండావు నాయనా?"

"ఊదకుంటే గేమ్ యాడ మొదులవుతాది?"

పాత క్యాసెట్‌కు అది పనిచేసేది. ఫోన్ మాత్రం లోపల తడి ఉంది, ఛార్జింగ్ ఎక్కించుకోనని మొరాయించింది. ఉన్న కాస్త బ్యాటరీతోనే ఆట మొదలైంది.

అందరూ ఒక దీవిలో దిగి ఒకరినొకరు కాల్చుకోవాలి. చివరికి మిగిలిన జట్టుదే గెలుపు. శివకుమార్‌కు తుపాకీ దొరికింది కానీ దాని మీద గురి లేదు. ఆయన ఎరిగిన ఆటలో శత్రువు నెత్తిమీదికి దూకితే చస్తాడు. అందుకే మిద్దెక్కి, కింద పోతున్న ఒకణ్ణి చూసుకుని, తానూ కుర్చీలో ఎగురుతూ వాడి నెత్తిమీదికి దూకాడు. వాడు చావలేదు. మళ్లీ దూకాడు.

దగ్గరికొచ్చిన శత్రువు మాట కూడా ఆ ఆటలో వినిపిస్తుంది. "ఎవురప్పా నువ్వు? యాల నెత్తిమీద ఎగురుతాండావు?" అన్నాడు వాడు.

గొంతు వినగానే శివకుమార్ ఆట మరిచిపోయాడు. "మనపక్క మాట మాదిరుండాదే! యావూరప్పా మీది?"

"రామకుప్పం."

"రామకుప్పంలో ఎవురింటోళ్లు?"

"బయ్యమ్మ కూతురి కొడుకుని. వెంకటేష్ అంటారు."

వంటింట్లోంచి చంద్రిక గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. "బయ్యమ్మంటే మా మేనత్త! నువ్వు నాకు అల్లుడు కావాలప్పా! ఏనుగులు మళ్ల చేన్లోకి వచ్చినాయా? రాగిచేను బాగుండాదా?"

"చేను బాగుండాది అత్తా. అమ్మమ్మకే మోకాళ్ల నొప్పులు."

ఇంతలో దీపిక పొదచాటు నుంచి వెంకటేష్‌కు గురిపెట్టింది. "ఆగు పాపా, అల్లుడు!" అంటూ శివకుమార్ అడ్డం వచ్చి నిలబడ్డాడు. ఆ సందులో వెంకటేష్ జట్టువాడొకడు వెనకనుంచి దీపికను కాల్చేశాడు. ఆమె ఏడవలేక తండ్రి ఫోన్‌లోకి చూస్తూ కూర్చుంది. చుట్టూ కాల్పులు జరుగుతుంటే ఈ ముగ్గురూ మోకాళ్లకు ఏ నూనె మంచిదో మాట్లాడుకున్నారు. మిగతావాళ్లంతా ఒకరినొకరు కాల్చుకుని పోయారు. దీవిలో చివరికి మామా అల్లుడూ మిగిలారు.

"కాల్చు నాయనా, ఛార్జింగ్ అయిపోతాండాది!"

"అల్లుణ్ణి కాల్చేదెట్ల పాపా? రేపు మీ అమ్మ పుట్టింటోళ్లకి మొగమెట్ల సూపించేది? నువ్వే కాల్చప్పా వెంకటేషా."

"పెద్దోళ్లు, మిమ్మల్నెట్ల కాలుస్తాను మామా? మీరే కానీండి."

"మొదుట నువ్వే."

"లేదు మామా, మీరే."

ఆట తొందరగా ముగియాలని దీవిని చుట్టుకునే మంట వలయం దగ్గరికొస్తోంది. చివరికి వెంకటేష్, "పాప కుప్పం పోనీలే మామా," అని తుపాకీ పారేసి మంటలోకి నడిచాడు. దీపిక జట్టు గెలిచింది. ఆమె గెంతిన గెంతుకు చంద్రిక చేతిలో గరిటె కింద పడింది.

ఆ సంబరం కాసేపే. పోటీ నడిపే రమణ అనే ఆయన ఫోన్ చేశాడు. శత్రువులు కూడబలుక్కోవడం నిబంధనకు విరుద్ధమట, గెలుపు రద్దట. దీపిక కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి శివకుమార్‌కు తన వరసల పిచ్చే బిడ్డ కొంప ముంచిందని అప్పటికి తెలిసొచ్చింది.

"ఇట్లియ్యి పాపా," అని ఫోన్ తీసుకున్నాడు. "అప్పా రమణా, తప్పు నాదే. పిల్లదేం లేదు."

"రూలు రూలే సార్. నేనేం చేయలేను."

"సరే, సరే. మాట మనపక్క మాదిరే ఉండాదే, యావూరప్పా మీది?"

"వాయల్పాడు సార్. యాల?"

"వాయల్పాడులో ఎవురింటోళ్లు?" అంటూ శివకుమార్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. చంద్రిక పొయ్యి ఆపి వచ్చి పక్కన కూర్చుంది.

దీపిక కళ్లు తుడుచుకుని, కుప్పానికి బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది.