గణేశ్వరరావు గారికి ముందే తెలిసిన పూత

ఎవరైనా కొత్తది కనిపెట్టగానే "ఇందులో ఏటుంది, తెలిసిందే కదా" అనేవాళ్లు దేశానికి దొరికిన వరం. వాళ్లే లేకపోతే కనిపెట్టినవాళ్లంతా ఈపాటికి మన నెత్తికెక్కి కూర్చునేవారు కాదూ!

నర్సీపట్నానికి ఆ వరం రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్ గణేశ్వరరావు గారి రూపంలో దక్కింది. ఎన్నికల ఫలితాలు ఆయనకు ముందే తెలుసు. కాకపోతే మర్నాడు చెబుతారు. కోటవురట్ల బస్సు దారిలో ఆగిపోతుందనీ తెలుసు. ఆగాక, దిగి నిలబడి చెబుతారు. భార్య సింహాద్రమ్మ గారు కొత్త కూర వండితే, రెండోసారి వడ్డించుకుంటూ, అలా వండొచ్చని తనకెప్పుడో తట్టిందంటారు. ఆయన ఏనాడూ గరిటె పట్టింది లేదు.

ఇంతటి ప్రతిభ ఊళ్లోనే వృథా అయిపోతోందని మేస్టారు కుమిలిపోతుండగా, ఒక పెద్ద కంపెనీ వకీలు ఫోన్ చేశాడు.

సంగతేమిటంటే, బండ్ల పొగగొట్టంలో పొగలోని విషాన్ని విరిచే డబ్బా ఒకటి ఉంటుంది. దాని లోపల రెండు ఖరీదైన లోహాల పూత. ఆ లోహాలు రెండూ వేడికి ఒకదానికొకటి అతుక్కుని పనిచేయడం మానేస్తుంటే, మేస్టారి పాత శిష్యురాలు రోజారమణి రెండింటినీ విడివిడిగా పూసి, మధ్యలో మరో పల్చటి పూత పెట్టింది. డబ్బా మన్నిక పెరిగింది, పేటెంట్ వచ్చింది. ఆ పేటెంట్ పోతే పెద్ద కంపెనీ ఆ పూతను ఊరికే పూసుకుంటుంది, ఆమె చిన్న వర్క్‌షాపుకు తాళం పడుతుంది.

కంపెనీ వాదన మహా గొప్పది. ఆ పని తెలిసినవాడెవడికైనా ఇట్టే తట్టే సంగతికి పేటెంట్ చెల్లదట. గోడకు ప్రైమర్ కొట్టి రంగు వెయ్యడం లేదా? దోసె మీద ఉల్లిపాయలు, ఆపైన కారప్పొడి చల్లడం లేదా? మరి ఇందులో కొత్తేముంది! అంత తేలిక సంగతి తమ ఏసీ ల్యాబుల్లో ఇన్నేళ్లూ ఎవరికీ ఎందుకు తట్టలేదని మాత్రం అడగకూడదు. పెద్దవాళ్లకు వేరే పనులుంటాయి.

ఆ "ఇట్టే తట్టే మనిషి"గా సాక్ష్యం ఇవ్వడానికి మేస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నారు. పేటెంట్ ఆఫీసు అధికారి ముందు, వీడియోలో విచారణ. ఆయన "తెలిసిందే" అంటే రాసుకునేవాళ్లు దొరకడం జీవితంలో అదే మొదలు.

"ఇందులో ఏటుందండీ. ఇది అందరికీ తెలిసిందే," అన్నారు నిండుగా.

అవతల నుంచి రోజారమణి, ఆ అధికారి అనుమతి తీసుకుని, తనే అడిగింది. "మేస్టారూ, ఈ పూత వెయ్యకముందు మీ ఇంటికొచ్చి సలహా అడిగాను. అప్పుడు మీరేటన్నారండీ?"

మేస్టారు అబద్ధమాడే మనిషి కాదు. పైగా తనకు తెలియనిది ఒకటుందని ఒప్పుకునే అలవాటు అసలే లేదు.

"మద్దిలో పూతెడితే పొగ లోపలికెళ్లదు, పనిసెయ్యదు, బేగి మానెయ్ అన్నానమ్మా," అన్నారు ధీమాగా. "అప్పుడు అందరికీ తెలిసింది అదే కదా."

కంపెనీ వకీలు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అధికారి ఆ మాటా రాసుకున్నారు. పేటెంట్ నిలిచింది.

అది నిలుస్తుందని కూడా మేస్టారికి ముందే తెలుసట. ఆయన మాట నమ్మి రోజారమణి రెండేళ్లపాటు ఆ పూత జోలికే పోలేదు. ఆ రెండేళ్లూ ఎవరు తిరిగిస్తారో, అదొక్కటే ఆయనకు ముందూ తెలీదు, తరవాతా తెలీదు.