బండకు ఆరేళ్ళు

2021 మార్చి పన్నెండున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాకే తన కాలు విరిగిందని వీరభద్రకు బాగా గుర్తు. పక్కింటి గిడ్డయ్య వంటింటి అరుగుకని తెచ్చుకున్న నాపబండను ఇద్దరూ మోస్తుండగా వీరభద్ర "దించప్పా" అన్నాడు. గిడ్డయ్య దించాడు. కింద వీరభద్ర పాదం ఉంది. పాదంతోపాటు బండా విరిగింది.

భార్య పోయి అప్పటికి ఏడాది. కట్టు కట్టిన కాలితో, వాలిపోయిన వీధి తలుపును ఎత్తి మూయలేడని రోజూ రాత్రి సంగటి తిన్నాక గిడ్డయ్య వచ్చేవాడు. కాసేపు మాట్లాడి, పోతూ తలుపు మూసేవాడు. కాలు ఎప్పుడో బాగైంది. గిడ్డయ్య రావడం మానలేదు. వీరభద్ర వడ్రంగిని పిలవనూ లేదు.

నాలుగేళ్ళు దాటాక, డోన్‌లోని ఆ ఇంటికి అన్న కూతురు తనూజ వారం రోజులుండి పోదామని వచ్చింది. ఇంగ్లండు న్యాయశాస్త్రం పరీక్షకు చదువుతోంది. ఒకరోజు ఉదయం తాను అప్పజెబుతుంటే చిన్నాయన వినాలన్నది ఏర్పాటు. ఒకరి అజాగ్రత్త వల్ల ఇంకొకరు నష్టపోతే, పరిహారం అడగడానికి అక్కడ గడువులున్నాయట. ఒంటికి దెబ్బ తగిలితే ఎంత అని వీరభద్ర ఆసక్తిగా అడిగాడు. మామూలుగా మూడేళ్ళట.

"అంటే నీ కాలుకు గడువు దాటిపాయ చిన్నాయనా" అని నవ్వింది తనూజ.

ఈ సంగతి భలేగా ఉందని వీరభద్ర గోడ మీదుగా గిడ్డయ్య భార్య నాగక్కకు చెప్పాడు. ఆమె చేనిలో ఉన్న మొగుడికి ఫోను చేసేసరికి, వీరభద్ర కాలు మీద కేసు వేయబోతున్నాడని అయింది. మధ్యాహ్నానికి గిడ్డయ్య బండముక్క నెత్తిన పెట్టుకుని వచ్చాడు.

"దించమనింది నువ్వే కదప్పా. నీ కాలు మీద పడి నా బండ పగిలిపాయ. దానికెవురు జవాబు?"

తనూజకు ఉత్సాహం వచ్చింది. వస్తువుకు నష్టమైతే ఆరేళ్ళని, కాలు దావా పోయినా బండ దావా బతికే ఉందని తేల్చింది. తేల్చాక చిన్నాయన ముఖం చూసి, ఇది మన దేశపు చట్టం కాదని కూడా చెప్పింది. ఆ మాట ఎవరూ వినలేదు.

"అయితే ఏమిస్తారంట?" అన్నాడు గిడ్డయ్య.

పరిహారమంటే శిక్ష కాదని ఆమె వివరించింది. ఆ తప్పు జరగకపోయుంటే మనిషి ఎట్లా ఉండేవాడో, చేతనైనంతలో మళ్ళీ అట్లా నిలబెట్టడమే.

గోడవతల నుంచి నాగక్క అందుకుంది. "నష్టం యాడుండాది? నేను దినామూ గుడ్డలుతికేది ఆ ముక్క మీదనే. ముందు దాన్ని తెచ్చి ఈడ పెట్టు."

గిడ్డయ్య బండముక్కను మళ్ళీ నెత్తికెత్తుకుని వెళ్ళిపోయాడు. వీరభద్ర ఆలోచనలో పడ్డాడు. తన కాలు విరగకపోయుంటే తాను ఎట్లా ఉండేవాడు? పొద్దుగూకగానే తలుపేసుకుని గోడలు చూస్తూ. మళ్ళీ అట్లా నిలబెడతామని ఏ కోర్టు వచ్చినా దండం పెట్టి పంపించాలి.

ఆ రాత్రి తలుపు తెరిచే ఉంచాడు. గిడ్డయ్య వచ్చే వేళ దాటింది. తనూజ మూయబోతే ఉండనిమ్మన్నాడు. ఎదురింట్లో దీపాలార్పాక చెప్పుల చప్పుడైంది. గిడ్డయ్య ఎప్పటి చోటే కూర్చుని, వేరుశనగకు వాన చాలలేదన్నాడు. కేసు మాట ఎత్తలేదు. పోతూ గడప దగ్గర ఆగాడు.

"నీ కాలు బాగైందని నాకెప్పుడో తెలుసులేప్పా. ఇప్పుడు బండ లెక్క ఉండాది కదా. ఆ గడువు దాకా వస్తాంటా."

తలుపును కొంచెం ఎత్తి, చప్పుడు కాకుండా మూశాడు.

ఆ గడువు తీరేలోగా ఇంకో బండ పగలగొట్టాలని లోపల వీరభద్ర నిర్ణయించుకున్నాడు.