గ్రీన్‌బెల్ట్‌లో పుట్ట

శనివారం ఎనిమిదింటికల్లా పుట్టలో పాలు పోసి, తొమ్మిదింటికి దేదీప్యను స్విమ్మింగ్ క్లాసులో దింపి, పదింటికి దామోదర్ ఆఫీస్ కాల్‌కి కూర్చోవాలి. అనురాధ వేసిన ప్లాన్ అది. నాగుల చవితి ఇండియా లెక్కన ఇవాళా, టెక్సాస్ లెక్కన నిన్ననా అని వాళ్లుండే కాపెల్ ఊరి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులు రెండూ వారం రోజులు వాదించుకుని, సెలవు కాబట్టి చివరికి శనివారానికే వచ్చాయి.

దేదీప్యకు రెండేళ్లప్పుడు చెవిపోటు ఎంతకీ తగ్గకపోతే, ఏటా చవితికి పాలు పోస్తానని అనురాధ మొక్కుకుంది. ఏడేళ్లుగా గుళ్లో వెండి పడగ మీద పోస్తోంది. మొక్కింది పుట్టకి, పోస్తున్నది పళ్లెంలో అన్న వెలితి ఆమెకు ఉండిపోయింది. ఈసారి దామోదర్ ఇంటి వెనక గ్రీన్‌బెల్ట్‌లో వాకింగ్‌కి వెళ్లొచ్చి, "అనూ, మన కమ్యూనిటీలోనే పుట్ట ఉంది" అన్నాడు. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లో పెరిగిన దామోదర్ అంతవరకూ పుట్టను ఫొటోల్లోనే చూశాడు. ఆ సంగతి ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

"జానెడే ఉందేంటండీ?" అంది అనురాధ, దాన్ని చూసి.

"కొత్త కమ్యూనిటీ కదా. పెరుగుతుంది."

పంచె కట్టుకుని, చెప్పులు విడిచి దామోదర్ పుట్ట పక్కన నిలబడ్డాడు. అనురాధ పసుపు చల్లి పాలు పోసింది.

"అమ్మా, స్నేక్‌కి మిల్క్ ఎందుకు ఇస్తున్నాం?" అంది దేదీప్య.

"పాలు ముఖ్యం కాదు నాన్నా. తెలియక తొక్కితే కోపగించుకోకు, మేం నీ జోలికి రాము, నువ్వు మా జోలికి రాకు అని అడగడం."

"సో, డీల్ లాగానా?"

"అలాంటిదే."

అప్పుడే పక్కింటి లిండా కుక్కను తిప్పుతూ అటు వచ్చి, ఏం చేస్తున్నారని అడిగింది. అనురాధ పూజకు ఇంగ్లీషు మాట వెతుక్కునేలోపు దేదీప్య చెప్పేసింది. ఈ కన్నంలో కోబ్రా ఉంటుంది, ఏటా మేమే పాలు పోస్తాం అని. లిండా కుక్కను చంకలో పెట్టుకుని నాలుగడుగులు వెనక్కి వేసింది.

పాలు తగిలిన చీమలు పంచెలోకి ఎక్కడం సరిగ్గా అప్పుడే మొదలైంది. కూతురి చెవులకు రాద్దామని చిటికెడు పుట్టమన్ను తీయబోతున్న అనురాధ చెయ్యి ఆగిపోయింది.

"కుట్టింది అనూ, కుట్టింది" అంటూ దామోదర్ పంచె ఎత్తిపట్టి గెంతుతున్నాడు. లిండాకు తెలుగు రాదు. కానీ ఆ గెంతులు అర్థమయ్యాయి. ఫోన్ తీసి 911 కొట్టింది.

ఆరు నిమిషాల్లో ఫైరింజన్, అంబులెన్స్, పొడవాటి కొక్కెంతో పాములు పట్టే ఆఫీసరు వచ్చారు.

"పాము ఎక్కడ?" అన్నాడు ఆఫీసరు.

"నో స్నేక్, సర్" అన్నాడు దామోదర్.

"మరి పాలు ఎవరికి పోశారు?"

"స్నేక్‌కి."

ఆఫీసరు పుస్తకంలో ఏదో రాసి కొట్టేశాడు. విషయం తేటపరుద్దామని అనురాధ, "ఇట్స్ గాడ్, సర్" అంది. అంబులెన్స్ మనిషి టార్చి తీసి దామోదర్ కళ్లలోకి వేసి చూశాడు.

ఈలోగా తెలుగు సంఘం పద్మనాభంగారి ఫోన్. "దామోదర్ గారూ, మీరు కోబ్రాను పెంచుతున్నారని గ్రూప్‌లో వచ్చింది. పర్మిట్ ఉందా? గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఇలాంటివి చూస్తారండీ."

దామోదర్ వెళ్లి తనంతట తానే స్ట్రెచర్ మీద పడుకున్నాడు.

అంబులెన్స్ మనిషి అతని పిక్కల మీది దద్దుర్లు చూసి, ఇవి ఫైర్ యాంట్స్ అని తేల్చాడు. ఇది పాముల పుట్ట కాదు, చీమలది. పూతమందు రాశాడు. లిండా సారీ చెప్పింది. ఆఫీసరు పుస్తకం మూశాడు.

"అమ్మా, స్నేక్ వచ్చింది" అంది దేదీప్య.

పక్కనున్న రాళ్లలోంచి బారెడు పాము తాపీగా బయటికి వస్తోంది. ఏడేళ్లుగా నాగేంద్రుడి కోసం తపించిన అనురాధ అందరికంటే ముందు ఫైరింజన్ మెట్టెక్కింది. వెనకే కుక్కతో లిండా ఎక్కి, చంపెయ్యమని అరిచింది.

"నో. టుడే నో" అంది అనురాధ, మెట్టు దిగకుండానే.

ఆఫీసరు వంగి చూశాడు. ర్యాట్ స్నేక్, విషం ఉండదు, ఎలుకల్ని తింటుంది అన్నాడు. మనం దాని జోలికి వెళ్లకపోతే అది మన జోలికి రాదు అని కూడా ఇంగ్లీషులో చెప్పాడు.

"అమ్మా, అంకుల్‌కి కూడా డీల్ తెలుసు" అంది దేదీప్య.

అనురాధకు కళ్లు చెమర్చాయి. మెట్టు మీదినుంచే దణ్ణం పెట్టింది. పాము పాలవైపు కన్నెత్తి చూడకుండా పొదల్లోకి వెళ్లిపోయింది. ఆ డీల్ కుక్కలకు కూడా వర్తిస్తుందా అని లిండా దేదీప్యను మెల్లగా అడిగింది.

సోమవారం కాలనీ అసోసియేషన్‌వాళ్లు అక్కడ ఒక బోర్డు పాతారు. పడగ విప్పిన పాము బొమ్మ, కింద "దూరంగా ఉండండి" అని ఇంగ్లీషులో. ఆదివారానికి ఆ బొమ్మకు పసుపు, కుంకుమ, బోర్డు ముందు మూడు కొబ్బరి చిప్పలు, ఒక లో ఫ్యాట్ పాల డబ్బా ఉన్నాయి.

ఆ పాల డబ్బా లిండాది.